రాణి కందిరీగను చంపితే గూడు ఖాళీ అవుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో ఇల్లు. వరండా సన్‌షేడు కింద, కడప బండ అంచుకు అరచేయంత కందిరీగల గూడు వేలాడుతోంది. ముప్పై నలభై ఈగలున్నాయి. రాణి ఈగను ఒక్కదాన్ని ఏరి చంపితే మిగతావి వాటంతట అవే చెదిరిపోతాయా? రాణిని గుర్తుపట్టేదెట్లా? అది ఎన్నాళ్లు బతుకుతుంది? చీనీ (బత్తాయి) తోటలో కూడా రెండు గూళ్లున్నాయి, వాటిని ఉంచాలా తీసేయాలా?

ముందు సూటిగా జవాబు: చెదిరిపోవు. మీ సన్‌షేడు కింద ఉన్న రకంలో రాణి పోయిన అరగంటలోపే ఇంకో ఈగ ఆ చోటుకు సిద్ధమవుతుంది. దాదాపు వారం తిరిగేసరికి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ వారంలో కూడా మేత తెచ్చేవి తెస్తూనే ఉంటాయి, పిల్లలకు పెట్టేవి పెడుతూనే ఉంటాయి. అసలు చిక్కంతా "రాణి" అన్న మాటతోనే వచ్చింది. అది ఆజ్ఞలిచ్చే మనిషిని గుర్తుకు తెస్తుంది. కందిరీగల్లో రాణి అంటే గుడ్లు పెట్టే పని చేస్తున్న ఆడ ఈగ, అంతే. ఆ పని ఖాళీ పడితే చేయడానికి పక్కనే ఇంకొకటి ఉంటుంది.

అయితే ఈ జవాబు అన్ని కందిరీగలకూ వర్తించదు. అందుకే మొదట మీ గూడు ఏ రకమో తేల్చుకోండి. కింద నిలబడి పైకి చూస్తే గదులన్నీ తామరకాయ గింజల గుంటల్లాగా తెరుచుకుని కనిపిస్తున్నాయా? గూడు మొత్తం సన్నటి తొడిమ మీద వేలాడుతోందా? బూడిద రంగు కాగితంలా ఉందా? ఈగలు ఎరుపు కలిసిన గోధుమ రంగులో, పొట్ట మీద పసుపు గీతతో, నడుము దారమంత సన్నగా ఉన్నాయా? అయితే అది కాగితపు గూడు కట్టే కందిరీగ. మన దక్షిణాదిలో ఇళ్ల చూరుల కింద ఎక్కువగా కనబడేది రోపాలిడియా మార్జినాటా అనే జాతి. ఈ జాతి గురించి మనకు తెలిసినంత వివరంగా ప్రపంచంలో చాలా తక్కువ కందిరీగల గురించి తెలుసు. కారణం, అనంతపురానికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు దీన్నే పట్టుకుని కూర్చున్నారు. ఒక్కో ఈగ మీద ఒక్కో రంగు చుక్కలు పెట్టి, ఏది ఏం చేస్తోందో గంటల తరబడి రాసుకున్నారు. కింద చెప్పేదాంట్లో చాలా భాగం ఆ పని వల్ల తెలిసిందే.

అలా కాకుండా గోడ పగులులోనో, పుట్టలోనో, పాడుబడిన మిద్దె గోడ సందులోనో దూరుతూ వస్తూ, వేలి కణుపంత లావున్న ఈగలు కనిపిస్తే అది పెద్ద కందిరీగ. దాని కథ వేరు, దాని ప్రమాదమూ వేరు. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

మొదట గూడు ఎట్లా పుడుతుందో చూడండి. ఒక ఆడ ఈగ, ఒక్కోసారి రెండు మూడు కలిసి, వాన తగలని, నడినెత్తి ఎండ పడని చోటు చూసుకుంటాయి. ఎండిన కట్టెను, పాత కంచె కర్రను, చొప్ప కాడను దవడలతో గీకి నార తీస్తాయి. ఎమ్మిగనూరు, ఆదోని వైపు చేలగట్ల మీద పడి ఉన్న ఎండు జొన్న దంట్లను ఉదయం పూట నిదానంగా గమనిస్తే, ఈగ వెనక్కి వెనక్కి నడుస్తూ గీకడం కనిపిస్తుంది. ఆ నారను ఉమ్ముతో నమిలి ఆవగింజ కన్నా కొంచెం పెద్ద ముద్ద చేసి మోసుకొస్తుంది. మొదట కట్టేది తొడిమ. తొడిమ కొసకు ఒక గది, దాని పక్కన ఇంకొకటి. ముద్దను గోడ అంచు మీద పరుస్తూ రెండు మీసాలతో గదికి అటూ ఇటూ తడుముతూ పోతుంది. తాపీమేస్త్రీ తూకం దారం పట్టినట్టు, దానికి కొలబద్ద ఆ మీసాలే. గోడ పూర్తికాకముందే గది అడుగున గుడ్డు పెట్టేస్తుంది. గుడ్డు తెల్లగా, సన్నటి బియ్యపు నూక లాగా గోడకు అంటుకుని ఉంటుంది.

తొడిమ అంత సన్నగా ఎందుకంటే చీమల కోసం. చీమ లోపలికి రావాలంటే ఆ ఒక్క దారిలోనే రావాలి. ఈగ తన పొట్ట కింది గ్రంథి నుంచి వచ్చే పదార్థాన్ని తొడిమకు మాటిమాటికీ రుద్దుతుంది. చీమలు దాన్ని దాటడానికి ఇష్టపడవు. సిమెంటు పెచ్చు ఊడి తొడిమ బలహీనమైన చోట, లేదా గూడు పెరిగి పక్కనున్న తీగనో బూజునో తాకిన చోట చీమలు రెండో దారి దొరికించుకుని రాత్రికి రాత్రే పిల్లలన్నింటినీ ఎత్తుకుపోతాయి. పొద్దున చూస్తే గూడు ఖాళీ. అట్లా ఖాళీ అయిన గూళ్లను చూసి "రాణి చచ్చింది, అవి పోయాయి" అనుకుంటాం.

గుడ్డు నుంచి కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు వస్తుంది. తలకిందులుగా వేలాడుతూనే పెరుగుతుంది. పెద్ద ఈగలు గొంగళిపురుగును నమిలి, ముద్ద చేసి దాని నోట్లో పెడతాయి. ప్రతిగా ఆ పిల్ల ఒక ద్రవాన్ని బయటకు వదులుతుంది, పెద్దవి దాన్ని తాగుతాయి. అంటే మేత ఒకవైపే పోదు. బాగా పెరిగాక గది నోటికి తెల్లటి పట్టు మూత వేసుకుని లోపల రూపం మార్చుకుంటుంది. గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా ఈ జాతిలో సుమారు రెండు నెలలు పడుతుంది. తేనెటీగల్లో కూలి ఈగకు పట్టేది 21 రోజులే. ఇక్కడ రెండు నెలలన్న లెక్క గుర్తుంచుకోండి, దీని మీదే మిగతా కథ అంతా నిలబడి ఉంది.

ఎందుకంటే ఒక ఆడ ఈగ గూటి మీద గడిపే కాలం సగటున నెల లోపే. ఒంటరిగా గూడు మొదలుపెట్టిన ఈగ తన మొదటి బిడ్డ రెక్కలొచ్చి ఎగరడం చూడాలంటే రెండు నెలలు బతకాలి. చాలావాటికి అది కుదరదు. తల్లి చచ్చిపోతే మూత వేసుకోని పిల్లలన్నీ చచ్చిపోతాయి. పడ్డ కష్టమంతా వృథా. అదే ఇరవై ఈగలున్న గూట్లో చేరితే, నువ్వు పది రోజులు మేపిన పిల్లను నువ్వు పోయాక ఇంకొకటి మేపుతుంది. పని చేసినంత మేరకు ఫలితం దక్కుతుంది. ఆడ ఈగలు సొంతంగా గుడ్లు పెట్టే శక్తి ఉండి కూడా మరొకదాని గూట్లో కూలికి ఎందుకు నిలబడతాయి అన్న ప్రశ్నకు గదగ్‌కర్ ఇచ్చిన జవాబుల్లో ఇది ముఖ్యమైనది. మన వైపు మాటల్లో చెప్పాలంటే బోరు ఎండినా పంట పోకుండా పదిమందీ కలిసి నీళ్లు పంచుకోవడం లాంటిది.

ఇప్పుడు రాణిని గుర్తుపట్టడం. తేనెపట్టులో రాణి పొట్ట పొడుగ్గా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. పిల్లగా ఉన్నప్పుడే దానికి వేరే మేత పెట్టి వేరే గదిలో పెంచుతాయి. ఈ కందిరీగల్లో అదేమీ లేదు. రాణి, కూలి ఈగ ఒకే సైజు, ఒకే రంగు. గూట్లో పుట్టిన ఆడ ఈగను పుట్టగానే ఒంటరిగా పెట్టి మేత ఇస్తే, వాటిలో దాదాపు సగం సొంతంగా గూడు కట్టి గుడ్లు పెడతాయి. పిల్లగా ఉన్నప్పుడు బాగా తిన్నవి ఆ సగంలో ఎక్కువగా ఉంటాయి. అంతకు మించి పుట్టుకతో వచ్చే రాణిగిరి ఏదీ లేదు.

కంటికి తెలిసే గుర్తు ఒక్కటే: గుడ్డు పెట్టడం. ఉదయం పూట రెండు మూడు గంటలు దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడాలి. ఒక ఈగ ఖాళీ గదిలో తల దూర్చి చూస్తుంది, మళ్లీ చూస్తుంది, తర్వాత వెనక్కి తిరిగి పొట్ట కొసను గదిలోకి వంచి కొన్ని నిమిషాలు కదలకుండా ఉండిపోతుంది. అదే రాణి. అప్పటిదాకా మీరు రాణి అనుకున్నది, అంటే అందరినీ తోస్తూ, కరుస్తూ, పక్కదాని మీసాలు పట్టి లాగుతూ హడావిడి చేసే ఈగ, కూలి ఈగే అయి ఉంటుంది. ఈ జాతి రాణి చాలా సాధువు. ఎక్కువసేపు ఒక మూల కూర్చుంటుంది, కొట్లాటలకు పోదు, మేతకు వెళ్లదు. ఎవరు ఎప్పుడు మేతకు పోవాలన్నది కూలి ఈగలు వాటిలో అవే తేల్చుకుంటాయి. ఆకలిగా ఉన్న గూట్లో ఒకదాన్ని ఒకటి గద్దించుకోవడం ఎక్కువవుతుంది, గద్దింపు తిన్నది మేతకు పోతుంది. దీనికి దగ్గరి చుట్టం రోపాలిడియా సయాథిఫార్మిస్‌లో మాత్రం రాణి నిజంగానే గయ్యాళి. అదీ దక్షిణాదిలోనే ఉంది. కాబట్టి ఒక్క జాతిని చూసి కందిరీగలన్నింటికీ సూత్రం కట్టకండి.

మరి సాధువైన రాణి, మిగతావి గుడ్లు పెట్టకుండా ఎట్లా ఆపుతుంది? వాసనతో. పొట్ట చివర ఒక గ్రంథి ఉంది, దాని పదార్థాన్ని రాణి గూటి మీద నడుస్తూ నడుస్తూ రుద్దుతుంది. మిగతావి దాన్ని తాకి, రాణి ఉందని తెలుసుకుంటాయి. ఇది గాలిలో ఎగిరే వాసన కాదు. ఒక గూటిని రెండు ముక్కలు చేసి మధ్యలో వైరు జాలీ పెట్టారు. రాణి ఒకవైపు ఉండిపోయింది. జాలీకి రెండోవైపు, కూతవేటు దూరం కాదు, వేలెడు దూరంలో ఉన్న ఈగలు మాత్రం రాణి లేనట్టే ప్రవర్తించాయి. వాటిలో ఒకటి అరగంటలోపే రెచ్చిపోయి కనిపించిన ప్రతి ఈగనూ తరమడం, కరవడం మొదలుపెట్టింది. అదే కాబోయే రాణి. అసలు రాణిని తిరిగి తెచ్చిపెడితే ఆ కోపం చల్లారిపోతుంది. తేకపోతే రోజురోజుకూ దాని దుడుకుతనం తగ్గుతూ, అండాశయాలు పెరుగుతూ, వారానికల్లా అదీ సాధు రాణి అయి కూర్చుంటుంది.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ వారసురాలు ఎవరో రాణి ఉన్నంతకాలం మనకు తెలియదు. వయసు, సైజు, గద్దించే అలవాటు, ఏది చూసినా ముందుగా చెప్పలేం. ఈగలకు మాత్రం తెలుసు. రాణి పోగానే ఒకటే లేస్తుంది, మిగతావి దానికి ఎదురు తిరగవు. వారసత్వం కోసం కత్తులు దూసే రాజుల కథలు విన్న మనకు ఇది నమ్మడం కష్టమే. మీ చేతిలో చెప్పు ఉండి, అదృష్టం కొద్దీ అసలు రాణినే కొట్టగలిగినా, మీరు చేసింది కొత్త రాణికి పట్టాభిషేకం మాత్రమే.

దీంతో "ఎన్నాళ్లు బతుకుతుంది" అన్న ప్రశ్నకు కూడా జవాబు వచ్చేసింది. ఈ జాతిలో రాణి పదవీకాలానికి గడువు లేదు. కొన్ని రోజులకే పోవచ్చు, కొన్ని నెలలు సాగవచ్చు. గూడు మాత్రం ఒకదాని తర్వాత ఒక రాణితో నడుస్తూనే ఉంటుంది. మన వైపు గూళ్లు ఏడాది పొడుగునా పుడతాయి, ఏడాది పొడుగునా ఆరిపోతాయి. వానలు పడి చేలల్లో పురుగు దొరికినప్పుడు త్వరగా పెరుగుతాయి. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు మోసుకొచ్చి గదుల మీద చల్లి రెక్కలతో విసురుకుంటాయి. డ్రిప్పు పైపు కారే చోట, తొట్టి అంచున, కుండ కింద ఇసుకలో కందిరీగలు మూగేది ఆ నీళ్లకే. తాగడానికొచ్చిన ఈగ తనంతట తాను కుట్టదు. దాని మీద కాలో చేయో వేస్తేనే కుడుతుంది.

పోతు ఈగల గురించి రెండు మాటలు. రాణి విత్తనం కలపకుండా పెట్టిన గుడ్డు పోతు అవుతుంది, కలిపి పెట్టింది ఆడది అవుతుంది. జతకట్టినప్పుడు తీసుకున్న విత్తనాన్ని రాణి పొట్టలోని చిన్న సంచిలో దాచుకుని కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. పోతులకు కుట్టే ముల్లు ఉండదు, గూటి పని చేయవు. పుట్టిన కొన్ని రోజులకు గూడు వదిలిపోతాయి, మళ్లీ రావు. జతకట్టడం బయటే.

ఇక పెద్ద కందిరీగ. ఎర్రమట్టి రంగు ఒళ్లు, పసుపు ముఖం, పొట్ట మీద పసుపు పట్టీ ఉన్నది ఓరియంటల్ హార్నెట్. మిఠాయి కొట్లలో, బెల్లం మీద, మాంసం అంగళ్లలో తిరిగేది ఇదే. ఎండ ముదిరేకొద్దీ గూట్లో మట్టి తవ్వే పని పెంచుతుందని దీన్ని గమనించినవాళ్లు రాశారు. మన ఎండలకు తగిన ప్రాణి. రెండోది, ఒళ్లంతా నలుపు, పొట్ట మీద ఒకే ఒక వెడల్పాటి పసుపు పట్టీ ఉన్నది: వెస్పా ట్రోపికా. దీనికి ఇష్టమైన మేత చిన్న కందిరీగల పిల్లలే. ఇది వచ్చి గూటి మీద వాలితే, అంతవరకు మనుషుల్ని తరిమిన చిన్న ఈగలు పక్కకు తప్పుకుని చూస్తూ ఊరుకుంటాయి. అది మూతలు చింపి పిల్లల్ని తినేసి పోతుంది. గూళ్లు ఉన్నట్టుండి ఖాళీ కావడానికి ఇది పెద్ద కారణం.

ఈ పెద్ద కందిరీగల్లో రాణికి, కూలికి తేడా కంటికి తెలుస్తుంది. రాణి పెద్దది. పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే "రాణి కందిరీగ జీవితచక్రం" వీటి చలిదేశాల చుట్టాలది. ఇంగ్లండు లాంటి చోట్ల జతకట్టిన రాణి చలికాలమంతా ఏ బెరడు కిందో నిద్రపోయి, మార్చి ఏప్రిల్‌లో లేచి, ఒంటరిగా నిమ్మకాయంత గూడు కట్టి, పది ఇరవై గదుల్లో మొదటి కూలి ఈగలను పెంచుతుంది. అవి రెక్కలొచ్చాక రాణి బయటికి పోవడం మానేసి గుడ్లకే పరిమితమవుతుంది. ఆకురాలే కాలానికి గూట్లో వేల ఈగలు. చివర్లో పెద్ద గదుల్లో కొత్త రాణులు, వాటితో పాటు పోతులు పుడతాయి. జతకట్టాక పోతులు, కూలీలు, పాత రాణి అన్నీ చస్తాయి. కొత్త రాణులు నిద్రకు పోతాయి. ఆ రాణి ఆయుష్షు ఏడాది. ఈ క్యాలెండర్‌ను తెచ్చి మన సన్‌షేడు కింది గూటికి అతికిస్తేనే "చలికాలంలో అవే చచ్చిపోతాయి" లాంటి సలహాలు పుడతాయి. చలికాలమంటూ లేని కడపలో అది జరగదు.

ఆ రకాల్లో మాత్రం రాణిని చంపితే పని జరిగే సమయం ఒకటుంది. మొదటి కూలి ఈగలు రాకముందు రాణి పోతే గూడు అక్కడితో సరి. ఆలస్యంగా పోతే కూలి ఈగలు కొన్ని గుడ్లు పెట్టగలవు, కానీ జతకట్టినవి కావు గనుక పోతులే పుడతాయి, గూడు క్రమంగా క్షీణిస్తుంది. మీ కాగితపు కందిరీగలోనూ ఒక్క ఈగ ఉన్న దశలో అంతే, ఆ ఒక్కటి పోతే గూడు పోయినట్టే.

మట్టి గూళ్ల మాట కూడా చెప్పాలి, చాలామంది వాటినీ ఈ లెక్కలో కలుపుతారు. తలుపు మూలలో, స్విచ్‌బోర్డు పక్కన చిన్న కుండలా, లేదా బొమ్మజెముడు కాయంత మట్టి ముద్దలా కట్టేది ఒంటరి కందిరీగ. దానికి రాణీ లేదు, కూలీ లేదు. ఒకే ఆడది గొంగళినో సాలీడునో కుట్టి, చచ్చుబడేలా చేసి, లోపల పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల దాన్ని తిని పెరిగి బయటకొస్తుంది. లోపలికి పోయింది గొంగళి, బయటకొచ్చింది రెక్కల ఈగ. దీన్ని చూసే మన పెద్దలు భ్రమరకీట న్యాయం అన్నారు, పురుగే ఈగ అయిందనుకున్నారు. చూసింది నిజమే, అర్థం చేసుకోవడంలోనే తేడా. ఈ మట్టి కందిరీగ మనుషుల జోలికి రాదు. గూడు గీకేయడానికి రాత్రి దాకా ఆగాల్సిన పని కూడా లేదు. మేడిపండులో ఉండేవి, పంట పురుగుల గుడ్లను నాశనం చేయడానికి రైతులు తెచ్చి చేలో కట్టే ట్రైకోగ్రామా కార్డుల నుంచి వచ్చేవి కూడా కందిరీగ జాతివే, వాటికీ రాణులుండవు.

తోట సంగతి. చీనీ, నిమ్మ మొక్కల లేత ఆకులను ఊడ్చిపెట్టే గొంగళి ఉంది కదా, చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెద్దయ్యాక పచ్చగా ఉండేది, అలాంటివి కందిరీగలకు మేత. శనగ చేలో పచ్చపురుగు, బుడ్డల (వేరుశనగ) చేలో లద్దెపురుగు పిల్లలు కూడా. ఒక గూటి ఈగలు రోజంతా చుట్టుపక్కల చెట్లను గాలిస్తూనే ఉంటాయి. మందు కొట్టినట్టు పురుగును మొత్తం తుడిచిపెట్టవు, కానీ ఖర్చు లేని కాపలా. చీనీ కాయ మీద కందిరీగలు వాలాయని కాయ పాడు చేసింది అవే అనుకోకండి. మందమైన తొక్కకు రంధ్రం చేసేది రాత్రిపూట వచ్చే రసం పీల్చే రెక్కలపురుగు. కారిన రసానికి పగలు కందిరీగలు చేరతాయి. ద్రాక్ష, అంజూర లాంటి పలుచని తొక్క పండ్లను మాత్రం అవి సొంతంగానే కొరుకుతాయి.

కాబట్టి తోటలోని రెండు గూళ్లు తలకు అందనంత ఎత్తులో ఉంటే వదిలేయండి. చేతికందే కొమ్మకు ఉంటే ఆ చెట్టుకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, కోత కూలీలకు ముందే చెప్పండి. కోతలప్పుడు దెబ్బలు తగిలేది గూడు ఉందని తెలియక కొమ్మ లాగినప్పుడే. బోరు స్టార్టరు పెట్టెలో ఉంటే మాత్రం తీయాల్సిందే. ఈగ కుట్టిన ఉలుకులో చేయి కరెంటు తీగల మీద పడుతుంది. మెయిన్ ఆపకుండా ఆ పెట్టెలో చేయి పెట్టకండి. గూడు తీశాక కేబుల్ దూరే రంధ్రాలను ఎం-సీల్‌తోనో సన్నజాలీతోనో మూసేయండి. లేకపోతే నెలలోపు మళ్లీ అక్కడే.

సన్‌షేడు గూడు రాకపోకల దారిలో ఉంది, పిల్లలున్నారు అంటే తీసేయడమే మంచిది. పద్ధతి ఇది. బాగా చీకటి పడ్డాక, లేదా తెల్లవారుజామున నాలుగున్నర అయిదు మధ్య, ఈగలన్నీ గూటి మీదే ఉన్నప్పుడు మొదలుపెట్టండి. పగలు చేస్తే సగం బయట ఉంటాయి, తిరిగొచ్చి చుట్టూ తిరుగుతాయి. పూర్తి చేతుల చొక్కా, మందం ప్యాంటు, కాళ్లకు సాక్సు, తలకు తుండు, కళ్లకు అద్దాలు ఉండాలి. టార్చి చేతిలో పట్టుకోకండి, ఈగలు వెలుగు మీదికి ఎగురుతాయి. గాజుకు ఎర్ర కాగితం చుట్టి పక్కన స్టూలు మీద పెట్టండి. ఎరుపు వెలుగు వాటికి సరిగా కనబడదు. లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చేతి స్ప్రేయర్‌లో పోయండి. అయిదారు అడుగుల నుంచి ఆపకుండా తడపండి. సబ్బు నీళ్లు ఒంటి మీది గాలి రంధ్రాలను మూసేస్తాయి, ఈగలు రాలిపోతాయి. చుక్కలు చుక్కలుగా కొడితే తడవని ఈగలు లేస్తాయి, అక్కడే చాలామంది దెబ్బ తింటారు. స్ప్రేయర్ ముక్కును సన్నటి ధారకు కాకుండా గూడంతా తడిసేలా పెట్టుకోండి. ఒక నిమిషం ఆగి, కింద పడ్డవి కదులుతుంటే చెప్పుతో నొక్కేసి, గూడు కింద ప్లాస్టిక్ కవరు పట్టి, పుట్టీ బ్లేడుతో తొడిమ దగ్గర కోయండి. తొడిమ మిగలకుండా గీకి, ఆ చోటును సబ్బు నీళ్లతో రుద్ది కడగండి.

మర్నాడు నాలుగైదు ఈగలు అదే చోట తిరుగుతుంటే భయపడకండి. తప్పించుకున్నవి పాత చోటు దగ్గరే గుమికూడతాయి, వీలైతే మళ్లీ మొదలుపెడతాయి. రెండు మూడు రోజులు సాయంత్రం ఆ చోటును సబ్బు నీళ్లతో తుడిస్తే పోతాయి.

చేయకూడనివి చాలా ఉన్నాయి, అన్నిటికంటే ముందు నిప్పు. కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిలు పోసి కాల్చడం మన పల్లెల్లో మామూలే. కానీ సన్‌షేడులో వైరింగు ఉంటుంది, పక్కన చొప్ప వామి ఉంటుంది, పైగా నాపరాయి, కడప బండ ఒక్కసారిగా వేడెక్కితే పెచ్చులుగా పేలుతుంది. మట్టి బొరియలో పెట్రోలు పోయడం అంతకన్నా ప్రమాదం. పెద్ద కందిరీగల రంధ్రాన్ని బయట సిమెంటుతో మూస్తే అవి లోపలివైపు దారి చేసుకుని ఇంట్లోకి వస్తాయి. వాటి గూటి దగ్గర ఒక్కదాన్ని నలిపినా దాని విషం వాసనకు మిగతావి రేగుతాయి. పెద్ద కందిరీగల గూడు ఇంటి గోడలో ఉంటే సొంత వైద్యం మానేసి పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి. అక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

కుడితే: తేనెటీగ ముల్లు ఒంట్లోనే వదిలేస్తుంది, కందిరీగ వదలదు, ఒకటే ఎన్నిసార్లయినా కుట్టగలదు. అందుకని మొదటి పని అక్కడి నుంచి దూరం జరగడం. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. పెద్దవాళ్లకు దురద, వాపు తగ్గడానికి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి చాలు. సున్నం రాస్తే పైన చర్మం కాలుతుంది తప్ప, లోపలికి పోయిన విషాన్ని అది తాకదు. ఇనుము రుద్దడం, ఉల్లిపాయ రుద్దడం వల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు. పెదాలు, నాలుక వాచినా, ఒంటి నిండా దద్దుర్లు లేచినా, ఊపిరి పట్టేసినా, కళ్లు తిరిగినా ఇంట్లో నిమిషం కూడా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. ఆ స్థితిలో పనిచేసే మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే, బిళ్లలు కావు. పెద్ద కందిరీగలు పదీ ఇరవై చోట్ల కుడితే మనిషి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకటి రెండు రోజుల తర్వాత మూత్రం ఎర్రగానో కషాయం రంగులోనో వస్తే కిడ్నీలకు దెబ్బ తగులుతున్నట్టు.

ఇక ముందు గూడు పెద్దది కాకుండా చూసుకోవాలంటే, పది పదిహేను రోజులకొకసారి సన్‌షేడు కింద, మిద్దె మెట్ల కింద, మీటరు పెట్టె పైన ఒకసారి తలెత్తి చూడండి. ఒకే ఈగ, అయిదారు గదులు, తెల్ల మూతలు ఇంకా లేవు అంటే అదే తీయడానికి సరైన సమయం. సాయంత్రం పొడుగు చీపురుతో తోసేస్తే సరిపోతుంది, మందు అక్కర్లేదు. ఆ ఈగను వెతికి చంపాల్సిన పని కూడా లేదు. అది ఇంకో చోట మొదలుపెట్టుకుంటుంది, లేదంటే దగ్గర్లో ఉన్న గూట్లో కూలికి చేరుతుంది.